మా నాయన నాలుగుసార్లు నేర్చుకున్న కంప్యూటరు

"ముసలోళ్ళకు కంప్యూటరు రాదు" అన్నమాట మా సాఫ్టువేరు వాళ్ళకు పెరుగన్నంలో ఆవకాయ లాంటిది. మధ్యాహ్నం భోజనాల దగ్గర తప్పకుండా వస్తుంది. ఒకరి తండ్రి మౌసును తీసుకెళ్ళి తెరకు ఆనించాడట. ఇంకొకరి మామగారు వీడియోలో మనవడు కనబడగానే గొంతు చించుకుని అరుస్తాడట, అమెరికా చాలా దూరం కదా అని! అందరం నవ్వుకుంటాం. కథలు బాగానే ఉంటాయి మరి.

కానీ ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లో జరిగింది చూశాక, ఈ కథల్లో సగమే చెబుతున్నామని నాకు గట్టిగా అనిపిస్తోంది. పెద్దవాళ్ళు కంప్యూటరు నేర్చుకున్నారు. వాళ్ళు నేర్చుకున్నది నాలుగైదేళ్ళు తిరక్కముందే చెల్లని నాణెం అయిపోయింది. మళ్ళీ నేర్చుకున్నారు, మళ్ళీ చెల్లలేదు. దీనికి మనం పెట్టిన పేరు "వాళ్ళకు రాదు".

మాది వీపనగండ్ల. అప్పట్లో మహబూబ్‌నగర్ జిల్లా, 2016 అక్టోబరు 11న జిల్లాలు విడదీసినప్పటి నుంచి వనపర్తి జిల్లా. మా నాయన 1938లో పుట్టాడు. చుట్టుపక్కల బడుల్లో పంతులుగా పనిచేసి 1996లో రిటైరయ్యాడు. ఆయన గొప్పవాడని చెప్పడానికి కాదుగానీ, ఆ తరం కంప్యూటరు ముందు కూర్చునేనాటికే ఏమేం నేర్చుకుని వచ్చిందో ఒకసారి లెక్కేద్దాం.

వాళ్ళ చిన్నప్పుడు నిజాం రాజ్యం. సర్కారీ చదువు ఉర్దూలో, కుడి నుంచి ఎడమకు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, కొన్నాళ్ళకు చదువు తెలుగులోకి తిరిగింది. చేతిలో డబ్బు హాలీ సిక్కా, బయట చెల్లేది కల్దారు. దాదాపు 7 హాలీ రూపాయలకు 6 కల్దారు రూపాయలు. కోమటి కొట్టు ముందు నిలబడి ఈ లెక్క నోటితో కట్టేవాళ్ళు. 1956 నవంబరు 1న రాష్ట్రమే మారింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చాయి. ఆ వెనకే సేర్లు పోయి కిలోలు, గజాలు పోయి మీటర్లు.

లిపి, డబ్బు, తూకం, కొలత, రాష్ట్రం. ఇరవై ఏళ్ళలోపల ఇన్ని మారితే తట్టుకున్నవాళ్ళకు ఒక మౌసు రాలేదంటే నేను నమ్మను.

అయితే ఆ మార్పులకూ కంప్యూటరు మార్పులకూ ఒక తేడా ఉంది. నయాపైసలు వచ్చిన మర్నాడే అణాబిళ్ళ చెత్తబుట్టలో పడలేదు. కొన్నేళ్ళపాటు పాతవీ కొత్తవీ కలిసే తిరిగాయి. ఏ అణాకు ఎన్ని నయాపైసలో పట్టికలు అచ్చేసి పంచారు. పాతదాన్ని పట్టుకునే కొత్తదాన్ని నేర్చుకునే వీలుండేది. కంప్యూటరు ఆ మర్యాద ఎప్పుడూ పాటించలేదు.

ఇక మొదటిసారి కథ. 2002లో హైదరాబాదులో విడిభాగాలు కొని బిగించిన ఒక కంప్యూటరు మా ఊరికి చేరింది. విండోస్ 98, చిన్న టీవీ అంత మానిటరు, కరెంటు పోగానే కుయ్యో అని అరిచే యూపీఎస్సు. (మా పాలమూరు కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు అది రోజుకు ఎన్నిసార్లు అరిచేదో చెప్పక్కర్లేదు.)

మొదటి గండం డబుల్ క్లిక్కు. దీని లోపలి సంగతి చాలామందికి తెలియదు. రెండు నొక్కులనూ కలిపి 'డబుల్' అనుకోవడానికి విండోసు మామూలుగా ఇచ్చే గడువు 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. అదీ చాలదు, రెండో నొక్కు మొదటిదానికి దగ్గరగానే పడాలి. మామూలు అమరికలో 4 పిక్సెళ్ళ గడి దాటితే లెక్కలోకి రాదు. ఈ కొలతలు పెట్టినవాళ్ళ వేళ్ళు ఎలాంటివోగానీ, నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టి, అరవై దాటాక కొంచెం వణికే వేళ్ళు మాత్రం కావు. పైగా బొమ్మ మీదయితే రెండుసార్లు నొక్కాలి, లింకు మీదయితే ఒకసారే. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు, "అదంతే నాయనా" అనడం తప్ప. కంట్రోల్ ప్యానెల్లో ఆ గడువు పెంచే మీట ఒకటుంది. అది జరిపితే సగం కష్టం తీరుతుంది. అయితే దాన్ని తెరవాలన్నా ముందు డబుల్ క్లిక్కు చెయ్యాలి!

దీనికి మందు పేకాటలో దొరికింది. 1990లో విండోస్ 3.0తోపాటు వచ్చిన సాలిటేర్ ఆట జనానికి మౌసుతో లాగి వదలడం అలవాటు చేసిందంటారు. మా ఇంట్లో అదే పని చేసింది. నెల తిరిగేసరికి నాయన చెయ్యి కుదిరింది.

చెయ్యి కుదిరాక ఆయనకు కావలసింది ఒకటే, తెలుగులో రాసుకోవడం. జూరాల కాలువ నీళ్ళు రాకముందు మా ఊళ్ళు ఎట్లుండేవి, బడి ఎక్కడ నడిచేది, కరువు సంవత్సరాల్లో ఎవరు ఎటు వలసపోయారు, ఇవన్నీ రాయాలని ఆయన కోరిక. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

కాగితం మీద చూస్తే తెలుగుకు ఏ లోటూ లేదు. మన ప్రభుత్వం 1988లో ఇస్కీ అనే సంకేత పద్ధతి తెచ్చి, 1991లో దాన్ని భారతీయ ప్రమాణంగా ఖాయం చేసింది. దాంతోపాటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు: అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి, అన్ని భారతీయ భాషలకూ ఒకే అమరిక. అదే 1991 అక్టోబరులో యూనికోడు మొదటి కూర్పు వెలువడింది. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. కానీ ఇళ్ళలో ఉన్న కంప్యూటర్లలోకి అది రావడానికి పదేళ్ళు పట్టింది. విండోస్ 2000లో హిందీకి, తమిళానికి చోటు దొరికింది, మనకు దొరకలేదు. 2001 అక్టోబరు 25న వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోగానీ గౌతమి ఫాంటుతో తెలుగు అడుగు పెట్టలేదు.

ఆ పదేళ్ళ ఖాళీని డీటీపీ ఫాంట్లు నింపాయి. వాటి కిటుకు చిన్నది. కంప్యూటరుకు ఇంగ్లీషు అక్షరాలూ కొన్ని యూరపు గుర్తులూ మాత్రమే తెలుసు. ఆ గుర్తుల బొమ్మలు చెరిపేసి వాటి స్థానంలో తెలుగు ముక్కలు గీశారు: ఒకచోట తలకట్టు, ఒకచోట కొమ్ము, ఒకచోట వత్తు. కంటికి కనబడేది తెలుగు. లోపల దాచుకునేది ఇంగ్లీషు గుర్తుల గందరగోళం. పైగా ఏ గుర్తు మీద ఏ ముక్క గీయాలో ఎవరిష్టం వారిది. ఒక కంపెనీ ఫాంటులో రాసింది ఇంకో కంపెనీ ఫాంటులో చదవలేం. ఈనాడు వెబ్‌సైటుకు ఒక ఫాంటు, వార్తకు ఇంకొకటి. కీబోర్డులూ అంతే: టైపు మిషను అమరిక ఒకటి, డీటీపీ వాళ్ళ ఆపిల్ అమరిక ఒకటి, సర్కారు వారి ఇన్‌స్క్రిప్ట్ ఒకటి.

నాయన ఒక ఫాంటు, ఒక అమరిక పట్టుకున్నాడు. ఏ మీటకు ఏ అక్షరమో అట్టముక్క మీద ఎర్రసిరాతో రాసి మానిటరుకు అంటించుకున్నాడు. ఏడాదిన్నరలో 60 పైచిలుకు పేజీలు కొట్టాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ అరవై పేజీలు! ఇది రాకపోవడం అయితే, వచ్చినవాళ్ళు ఎంత రాశారో చెప్పండి.

రెండోసారి 2006లో. పాత మిషను పాడైంది, ఎక్స్‌పీ ఉన్న కొత్తది వచ్చింది. అప్పటికే జాలంలో తెలుగు వెలుగుతోంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున గారి పద్మ, పత్రికల పాత ఫాంట్లను యూనికోడులోకి మార్చి చూపించేది. ఆ పద్మను ఆధారం చేసుకుని వీవెన్ గారు లేఖిని తయారుచేశారు. ఆ రోజుల్లో నాలాంటివాళ్ళకు పండగే.

నాయనకు మాత్రం అది రెండో చదువు. ముందు ఎక్స్‌పీలో తెలుగు సరిగ్గా కనబడాలంటే ఒక డబ్బాలో టిక్కు పెట్టి విండోసు సీడీ వెయ్యాలి. ఆ డబ్బా పక్కన రాసి ఉండేదాని అర్థం, "చిక్కు లిపులకూ, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన ఫైళ్ళు" అని. అది చదివి చెబితే ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తు. "నేను చిన్నప్పుడు చదివింది, పెద్దయినంక చదివింది, రెండూ ఒక్క డబ్బాల్నే ఏసిండ్రు గదరా!" ఉర్దూ, తెలుగు రెండూ ఆ ఒక్క టిక్కు కిందే.

ఇక రాత పద్ధతి పూర్తిగా తలకిందులైంది. లేఖిని లాంటివి ఆర్‌టీఎస్ అనే దారిలో నడుస్తాయి. 1990ల మొదట్లో అమెరికా రైస్ యూనివర్సిటీలోని తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకోవడానికి కల్పించుకున్న పద్ధతి అది. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ను న, పెద్ద ఎన్ను ణ. ఇంగ్లీషు కీబోర్డు మీద పెరిగిన మాకు ఇంతకంటే సులువు లేదు. అట్టముక్క చూసుకుని నేరుగా 'ణ' మీట నొక్కడం అలవాటైన తెలుగు పంతులుకు మాత్రం ఇది తన భాష రాయడానికి పరాయి బడిలో చేరడమే. అయినా చేరాడు. కొత్త అట్టముక్క తయారైంది.

పాత 60 పేజీలు ఏమయ్యాయంటారా? కొత్త మిషనులో ఆ ఫాంటు లేదు. ఫైలు తెరిస్తే డాలరు గుర్తులు, తలకిందుల ప్రశ్నార్థకాలు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. కంప్యూటరు దృష్టిలో ఫైలు భేషుగ్గా ఉంది, ఒక్క బైటు కూడా పోలేదు. రాసినాయనకే అది చదవరాకుండా పోయింది.

మూడోసారి మనుషుల కోసం. మా చెల్లెలు పెళ్ళయి అమెరికా వెళ్ళింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వారి డేటావన్ మొదలయ్యాక బ్రాడ్‌బ్యాండు మెల్లగా చిన్న ఊళ్ళకూ పాకింది. మా అమ్మ జీవితంలో మొదటిసారి మౌసు పట్టింది అప్పుడే. యాహూ మెసెంజరులో పసుపుపచ్చ నవ్వుబొమ్మ వెలిగితే కూతురు వచ్చినట్టు, ఆరిపోతే పోయినట్టు. చదువు పెద్దగా లేకపోయినా ఆ రెండు గుర్తులతో ఆమె పని జరిపేసింది. తర్వాత స్కైపు నేర్చుకుంది. ఆర్కుట్‌లో మనవరాలి ఫొటోలు చూడడం నేర్చుకుంది.

ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసేశారు. యాహూ మెసెంజరును 2018 జులై 17న. స్కైపును 2025 మే 5న. వ్యాపారం వాళ్ళది, మూసే హక్కు వాళ్ళది, కాదనను. కానీ ప్రతి మూతతోనూ ఎక్కడో ఒక ముసలమ్మ కష్టపడి కంఠతా పట్టిన దారి ఒకటి చెరిగిపోయింది.

మూయని వాటిని మార్చేశారు. ఆఫీస్ 2007లో మెనూలన్నీ పోయి పైన వెడల్పాటి పట్టీ వచ్చింది. 2012 అక్టోబరులో వచ్చిన విండోస్ 8లో ఏకంగా స్టార్ట్ బటనే తీసేశారు. కంప్యూటరు అంటే ఎడమ మూల కింద ఆ బటను అని నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ మొదలెట్టాలి? "పొద్దున ఈడనే ఉండె, ఏడికి పాయెరా?" అని నాయన ఫోను చేసి అడిగితే నేను వెతికిపెట్టాల్సింది ఏమీ లేదు, నిజంగానే పోయింది. చిత్రమేమంటే కుర్రవాళ్ళు కూడా గగ్గోలు పెట్టారు, ఏడాది తిరిగేసరికి 8.1లో బటను వెనక్కి వచ్చింది. అందరూ అరిస్తే అది డిజైను లోపం, ముసలివాళ్ళు మాత్రమే అరిస్తే అది వాళ్ళ వయసు లోపం! ఈలోగా 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి మద్దతు ఆపేశారు. విండోస్ 7కు 2020 జనవరి 14న, 10కి 2025 అక్టోబరు 14న అదే గతి.

పాస్‌వర్డుల సంగతి విడిగా చెప్పుకోవాలి. నాయన వాటిని ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. "అట్లా రాసుకోకూడదు, మూణ్ణెల్లకోసారి మార్చాలి, పెద్దక్షరం, అంకె, గుర్తు కలపాలి" అని లోకమంతా దబాయించేది. ఆ పద్ధతికి ఊతమిచ్చిన పత్రాన్ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో రాయించింది. 2017లో అదే సంస్థ, ఊరికే పాస్‌వర్డులు మార్పించొద్దు, గుర్తుల నిబంధనలు పెట్టొద్దు అని కొత్త పత్రం విడుదల చేసింది. పాత పత్రం రాసిన బిల్ బర్ కూడా, తాను అప్పుడు చెప్పినదానికి చింతిస్తున్నానని ఆ ఏడే పత్రికలవాళ్ళతో అన్నాడు. అంటే పద్నాలుగేళ్ళపాటు పెద్దవాళ్ళను పెట్టిన ఆ తిప్పలకు పెద్ద ప్రయోజనం లేదన్నమాట.

నాలుగోసారి ఇప్పుడు నడుస్తోంది. బల్ల మీది కంప్యూటరు పక్కకు పోయి పనులన్నీ ఫోనులోకి చేరాయి. మొదటి మూడుసార్లకూ దీనికీ ఒక తేడా ఉంది. అప్పుడు నేర్చుకోకపోతే రాత ఆగేది, మాట ఆగేది. ఇప్పుడు అసలు బతుకే ఆగుతుంది.

పింఛనుదారు బతికే ఉన్నాడని ఏటా రుజువు చూపాలి. దాని కోసం కేంద్రం 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ తెచ్చింది, వేలిముద్ర పెడితే చాలని. మంచి ఆలోచనే. కానీ వయసుతో, మట్టిపనితో అరిగిన వేళ్ళ గీతలు మిషనుకు అందవు. 2021 నవంబరులో ముఖం చూపించే పద్ధతి వచ్చాక కొంత నయం. కార్డుతో ఇంటర్నెట్టులో కొనాలంటే అదనపు ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి నిబంధన పెట్టింది. ఇప్పుడు ప్రతిదానికీ ఓటీపీ. అది వచ్చి, కళ్ళద్దాలు దొరికి, చదివి, వెనక్కి వెళ్ళి కొట్టేలోపు గడువు తీరుతుంది. మళ్ళీ అదే అర సెకను కథ, కొంచెం పెద్ద గడియారంతో. మా ఊళ్ళో అందరికీ కావలసింది భూమి కాగితం. దాని కోసం 2020 అక్టోబరు 29న ధరణి, 2025 ఏప్రిల్ 14న భూ భారతి. చట్టాల మంచిచెడ్డలు ఇక్కడ చర్చించను. పెద్దమనిషి వైపు నుంచి చూస్తే ఒక తలుపు ఎక్కడుందో తెలిసేలోపు ఇంకో తలుపు పెట్టారు.

ఇక్కడొక పోలిక చెప్పాలి. తెలంగాణలో భూమి తగాదా వస్తే ఇప్పటికీ బయటికి తీసేది 1954-55 నాటి ఖాస్రా పహాణీ. డెబ్బై ఏళ్ళ నాటి చేతిరాత. దాని కాగితం మాసి ఉండొచ్చు, అయినా కళ్ళజోడు పెట్టుకుంటే చదవొచ్చు. మా నాయన 2003లో కంప్యూటరులో కొట్టింది మూడేళ్ళకే చదవరాకుండా పోయింది.

ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం అని ఎవరో తీసిపారేస్తే, మా గద్వాల ప్రాంతపు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదించుకుంటూ కూర్చోలేదు. ఊరూరి నుంచి రాతలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. కవులు అంతకుముందు కూడా ఉన్నారు, వాళ్ళు రాసింది ఒకచోట కనబడకపోవడమే లోటు. "పెద్దవాళ్ళకు కంప్యూటరు రాదు" అన్నది కూడా నా లెక్కలో అలాంటి మాటే. వాళ్ళు రాసింది ఉంది. పాత హార్డుడిస్కుల్లో, అటక మీది సీడీల్లో, ఎవరూ తెరవని ఫైళ్ళలో.

అది తవ్వి తీయడం సాధ్యమే. వర్డు ఫైల్లో ఏ ఫాంటు వాడారో ఆ పేరు లోపలే ఉంటుంది. ఆ ఫాంటు సంపాదించి, ఏ గుర్తు మీద ఏ ముక్క ఉందో పట్టిక వేసుకుంటే చిన్న ప్రోగ్రాముతో యూనికోడులోకి మార్చొచ్చు. నేను నాయన పేజీలకు అదే చేశాను. రెండు ఆదివారాలు పట్టింది. కష్టమంతా వత్తుల దగ్గర, ముఖ్యంగా క్రావడి దగ్గర. కంటికి ఎడమపక్క కనబడుతుంది కనుక ఆ ఫాంటులో అది అక్షరానికి ముందే వచ్చి కూర్చుంటుంది, యూనికోడులో దాని చోటు తర్వాత. అది సర్దితే దాదాపు అంతా వచ్చేసింది. కరువుకు వలసపోయినవాళ్ళ పేర్లు, ఇళ్ళతో సహా, రెండు పేజీల నిండా ఉన్నాయి. ఆ పేర్లు ఇంకెక్కడా రాసి లేవు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటివి ఉంటే ఈ ఎండాకాలం సెలవుల్లోనే తీయండి, రాసినవాళ్ళు పక్కన ఉండగానే. ఎగిరిపోయిన అక్షరమేదో వాళ్ళే చెప్పగలరు. పాస్‌వర్డుల నోటుబుక్కును వెక్కిరించకండి, బీరువాలో పెట్టించండి. డబుల్ క్లిక్కు గడువు పెంచండి, అక్షరాల సైజు పెంచండి. ఒకసారి తెర మీద బొమ్మలు సర్దాక మళ్ళీ వాటిని ముట్టుకోకండి.

నా తోటి ఇంజినీర్లకు నేను చెప్పేది నయాపైసల సంగతే. కొత్తది తెండి, వద్దని ఎవరూ అనరు. పాతదాన్ని కూడా కొన్నేళ్ళు చెల్లనివ్వండి. దేనికి ఏది సమానమో పట్టిక ఇవ్వండి.

మా నాయనకు ఎనభై అయిదు దాటింది. ఐదోసారి కూడా నేర్చుకుంటాడు, నాకు అనుమానం లేదు. ఆయన అడిగేది మాత్రం ఒకటే: "ఈసారన్న కొన్నిదినాలు ఉంటదారా ఇది?" దానికి జవాబు చెప్పాల్సినవాళ్ళు ఆ భోజనాల బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటున్న మేమే.